గోట్‌ఫెల్ మీద వానరోజు

వాన పడుతున్న రోజు కొండ ఎక్కుదామంటే మనవాళ్లలో చాలామంది వింతగా చూస్తారు. స్కాట్లాండ్ పశ్చిమ తీరంలో ఉంటూ ఎండ కోసమే కాచుకుని కూర్చుంటే మాత్రం ఏడాదంతా కిటికీలోంచి చూస్తూనే గడిచిపోతుంది. నేను గ్లాస్గోలో నర్సుని. నా సెలవులు డ్యూటీ చార్టు చూసి వస్తాయి తప్ప ఆకాశం చూసి రావు. మా వార్డులో పనిచేసి రిటైరైన ఒకావిడ, ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, వానలో కొండ ఎలా ఎక్కాలో, ఎలా దిగాలో నాకు ఓపిగ్గా నేర్పింది. ఆమె దగ్గర నేర్చుకున్నది ఇంకొకరికి చూపించే అవకాశం మొన్న సెప్టెంబరులో వచ్చింది. మా వీధిలోనే అద్దెకుంటూ ఎమ్మెస్సీ చదువుతున్న నల్గొండ అమ్మాయి ఎప్పటినుంచో "అక్కా, నన్ను గూడ తీసుకపోండి" అని అడుగుతోంది. ఇద్దరికీ కుదిరిన శనివారం ఒకటి దొరికింది. ఆ రోజు వాన ఖాయమని ముందే తెలుసు. అయినా వెళ్లాం.

వెళ్లింది ఆరన్ దీవికి. గ్లాస్గోకి నైరుతి దిక్కున, క్లైడ్ అఖాతంలో ఉంటుంది. దీవిలో ఉత్తర భాగమంతా కొండలు, దక్షిణాన పొలాలు, మెట్టలు. అన్నిటికంటే ఎత్తైన కొండ గోట్‌ఫెల్, 874 మీటర్లు. అంకె చూస్తే పెద్దగా అనిపించదు. కానీ ఇక్కడ నడక సముద్రం ఒడ్డున మొదలవుతుంది, కాబట్టి ఆ ఎత్తంతా కాళ్లతో సంపాదించుకోవాల్సిందే.

నాది అనంతపురం. మా దగ్గర ఏడాదంతా కలిపి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడితే మంచి ఏడాది కింద లెక్క. మబ్బు కమ్ముకుంటే ఇంట్లో అందరం వాకిట్లోకొచ్చి నిలబడేవాళ్లం. అందుకేనేమో, ఇక్కడి వానని తిట్టుకోవడం నాకు ఇప్పటికీ చేతకాదు.

ఇక అసలు విషయం. వాన రోజున కొండకి వెళ్లాలా వద్దా అని తేల్చేది వాన కాదు, గాలి. నేను ముందు చూసేది కొండలకోసం ప్రత్యేకంగా ఇచ్చే వాతావరణ సూచన. ఊళ్లకిచ్చే సూచన ఇక్కడ పనికిరాదు. ఒడ్డున ఆకులు కూడా కదలని రోజు పైన నిలబడలేనంత గాలి ఉండొచ్చు. మౌంటెన్ వెదర్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ వాళ్ల సూచనలో శిఖరాల దగ్గర గాలి ఎంత వేగంతో వీస్తుంది, ఆ గాలిలో నడవడం ఎంత కష్టం, మబ్బు ఏ ఎత్తుకి దిగుతుంది అన్నీ ఉంటాయి. బ్రిటన్ వాతావరణ శాఖ మెట్ ఆఫీస్ సూచన కూడా చూసి రెండూ పోల్చుకుంటాను. ఆ శనివారానికి ఉదయం నుంచి ఆగి ఆగి వాన, మధ్యాహ్నం తర్వాత జోరు వాన, పైన నైరుతి గాలి గంటకి 25 నుంచి 30 మైళ్లు, మబ్బు 400 మీటర్ల దగ్గర అని ఉంది. ఒడ్డున 13 డిగ్రీలు. పైకి వెళ్లేకొద్దీ ప్రతి వంద మీటర్లకి అర డిగ్రీ పైనే తగ్గుతుంది కాబట్టి శిఖరం మీద ఏడో ఎనిమిదో ఉండాలి. ఆ గాలిలో అది ఒంటికి ఒకటి రెండు డిగ్రీల్లా తగులుతుంది. దానికి తడి తోడైతే ఇంకా చల్లగా ఉంటుంది. గాలి విసురు 45 మైళ్లు దాటుతుందని ఉంటే నేను ఓడ టికెట్టే కొనేదాన్ని కాదు.

బట్టల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే వానలో కొండ నడక సగం అక్కడే తేలిపోతుంది. ఆరేడు గంటలు వానలో తిరిగితే ఎంత ఖరీదైన జాకెట్ వేసుకున్నా తడుస్తాం. మెడ దగ్గర, చేతుల చివర నీళ్లు దిగుతాయి. లోపలి నుంచి చెమట తడుపుతుంది. మనం చూసుకోవాల్సింది తడిసినా వెచ్చగా ఉండటం. నీళ్లు గాలికంటే పాతిక రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తాయి. కాటన్ బట్ట ఆ నీళ్లని పట్టుకుని వదలదు. అందుకే ఆ అమ్మాయికి ముందే చెప్పాను, జీన్స్ వద్దు, కాటన్ టీషర్ట్ వద్దు, కాటన్ సాక్సులు అసలే వద్దు అని. ఒంటికి ఆనుకునేది ఉన్ని గానీ, జిమ్‌కి వేసుకునే పాలియెస్టర్ టీషర్ట్ గానీ ఉండాలి. దానిమీద ఫ్లీస్ అనే పల్చటి నూగు స్వెట్టర్, పైన వాటర్‌ప్రూఫ్ జాకెట్, కింద వాటర్‌ప్రూఫ్ ప్యాంటు. ఫ్లీస్ వాడిన బట్టలమ్మే చారిటీ షాపులో దొరికింది. ప్యాంటు నా దగ్గర పాతది ఉంటే ఇచ్చాను. చదువుకునే పిల్లలు వీటికోసం అప్పులు చేయాల్సిన పని లేదు. గట్టి పట్టున్న బూట్లకి మాత్రం వెనకాడకూడదు.

రెయిన్‌కోటుకి గ్లాస్గోకి పాత చుట్టరికమే ఉంది. ఈ ఊరివాడైన చార్లెస్ మాకింతోష్ రెండు బట్టల మధ్య రబ్బరు ద్రావణం పూసి నీళ్లు దిగని గుడ్డ తయారుచేసి 1823లో పేటెంట్ తీసుకున్నాడు. రబ్బరుని కరిగించడానికి వాడింది బొగ్గు గ్యాస్ తయారీలో మిగిలే తారు నుంచి తీసిన నాఫ్తా అనే ద్రవం. ఇప్పటి జాకెట్లు చెమట ఆవిరిని బయటికి పంపుతాయి. కానీ బయట గాలి కూడా తేమతో నిండిపోయి ఉన్నప్పుడు ఆ ఆవిరి అంత తేలిగ్గా పోదు. దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే. కొంచెం చలి వేస్తుండగానే నడక మొదలుపెట్టాలి, చెమట పట్టనంత నెమ్మదిగా ఎక్కాలి.

బ్యాగులో పెద్ద చెత్త కవరు పరిచి, అందులో మారు ఫ్లీస్, ఉన్ని టోపీ, ఒక్కొక్కరికి అదనంగా గ్లవ్స్ పెట్టుకున్నాం. బ్యాగుకి బయట తొడిగే కవరుని గాలి ఎత్తుకుపోతుంది, లోపల పెట్టిన కవరు ఎక్కడికీ పోదు. కాగితం మ్యాపు ప్లాస్టిక్ సంచిలో, దిక్సూచి మెడలో. తడిసిన వేళ్లకి ఫోను స్క్రీన్ పలకదు, చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది.

తిండి విషయంలో మనవాళ్లకి ఒక మాట. పులిహోర కొండకి మంచి తిండే గానీ వాన రోజు తేవద్దు. గ్లవ్స్ తీసి, డబ్బా మూత తీసి, చేత్తో కలుపుకు తినేలోపు వేళ్లు కొయ్యబారిపోతాయి. నేను జంతికలు, ఖర్జూరాలు, అమ్మ పంపిన శెనక్కాయల చిక్కీ జేబుల్లో పోసుకున్నాను. నడుస్తూ నోట్లో వేసుకోవచ్చు. ఫ్లాస్కులో అల్లం టీ.

ఆ రోజు గ్లాస్గో సెంట్రల్ నుంచి రైలు, ఆర్డ్రాసన్ రేవు నుంచి ఓడ, 55 నిమిషాలకి ఆరన్‌లోని బ్రాడిక్ చేరాం. ఓడలోనే ఆ అమ్మాయి మెడలో ఈల వేసి, ఎలా వాడాలో చెప్పాను. ఆపద వస్తే నిమిషంలో ఆరు సార్లు ఊదాలి, ఒక నిమిషం ఆగి మళ్లీ ఆరు. మూడు ఈలలు తిరిగి వినపడితే మన మాట ఎవరికో అందినట్టు. ఫోన్ కలిస్తే అత్యవసర నంబరు 999కి చేసి ముందు పోలీసుని, తర్వాత కొండల్లో చిక్కుకున్నవాళ్లని కాపాడే మౌంటెన్ రెస్క్యూని అడగాలి. సిగ్నల్ సరిగ్గా లేనప్పుడు మెసేజ్ పంపే వీలుంది గానీ, అందుకు ముందే 'రిజిస్టర్' అని 999కి ఒక మెసేజ్ పెట్టి ఉండాలి. అది అక్కడే పెట్టించాను. ఆరన్‌కి సొంత మౌంటెన్ రెస్క్యూ టీమ్ ఉంది. వాళ్లంతా వలంటీర్లు. రోజూ చేసుకునే పనులు వదిలి, ఎవరి దగ్గరా పైసా తీసుకోకుండా, ఇలాంటి వానలోనే పైకి వస్తారు. వాళ్లని తలుచుకుంటే నాకు గుండె నిండుతుంది. అనవసరంగా వాళ్లని పిలవాల్సిన పరిస్థితి తెచ్చుకోకూడదని పట్టుదల కూడా కలుగుతుంది.

బ్రాడిక్ నుంచి కొంచెం ఉత్తరంగా నడిస్తే క్లాడఖ్. కొండ దారి అక్కడ మొదలవుతుంది. ముందు బ్రాడిక్ కోట తాలూకు అడవి. కోటని, కొండని నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్ అనే సంస్థ చూసుకుంటుంది. చెట్ల కింద వాన నేరుగా పడదు, ఆకుల మీద కూడుకుని పెద్ద చుక్కలుగా రాలుతుంది. ఈ దీవిలో ఎర్ర ఉడతలున్నాయి. మాకు ఆ రోజు కనిపించలేదు. వాన, గాలి వల్ల ఒక మేలు కూడా జరిగింది. మిడ్జ్‌లని ఇక్కడ చిన్న దోమల్లాంటి పురుగులుంటాయి. తేమగా, గాలి లేకుండా ఉన్న రోజు మొహం మీద మూగి కుట్టి చంపుతాయి. కాస్త గాలి వీస్తే ఎగరలేవు. ఆ రోజు ఒక్కటి లేదు.

చెట్లు దాటాక దుప్పులు అడవిలోకి రాకుండా కట్టిన కంచె, దానికో గేటు. గేటు దాటితే ఇక అంతా బయలే. హెదర్ పొదలు ఊదారంగులో ఇంకా కొంచెం పూసి ఉన్నాయి. నేలంతా మొక్కలు కుళ్లి ఏర్పడే పీట్ మట్టి, నల్లగా, తడిసిన స్పాంజిలా. వాగుల్లో నీళ్లు డికాషన్ రంగులో పారుతున్నాయి. దారిలో రాళ్లు పేర్చి మెట్లు కట్టారు, వాన నీళ్లు పక్కకి మళ్లేలా అడ్డంగా రాతి కాలువలు పెట్టారు. ఎండలో వచ్చినవాళ్లు వాటిని గమనించరు. వానలో చూస్తే ఒక్కో కాలువ తన పని తాను చేస్తూ కనిపిస్తుంది. వాటి వెనక ఎంత చాకిరీ ఉందో అప్పుడు అర్థమవుతుంది. ఆ అమ్మాయి గుంటలు కనపడినప్పుడల్లా పక్కకి జరిగి గడ్డి మీద నడుస్తుంటే ఆపాను. అందరూ అలా పక్కనుంచి నడిస్తే పీట్ తెగి, అడుగు వెడల్పు దారి కాస్తా బురద మైదానం అవుతుంది. బూట్లు ఎలాగూ తడుస్తాయి, నీళ్లలోంచే నడువు అన్నాను. ఉన్ని సాక్సుల్లో చేరిన నీళ్లు కాసేపటికి ఒంటి వేడికి వెచ్చబడతాయి. ఆమె ముందు మొహం చిట్లించి, తర్వాత హాయిగా గుంటల్లోంచే నడిచింది.

ఎంతసేపు పడుతుందో అంచనా వేయడానికి నేను ఇప్పటికీ నైస్మిత్ లెక్కే వాడతాను. విలియం నైస్మిత్ అనే స్కాటిష్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన లెక్క అది. మూడు మైళ్లకి ఒక గంట, ఎక్కే ప్రతి రెండు వేల అడుగులకి ఇంకో గంట. క్లాడఖ్ నుంచి శిఖరానికి దాదాపు మూడు మైళ్లు, ఎత్తు 2866 అడుగులు, అంటే రెండున్నర గంటలు. తడి రాళ్లకి, కొత్త మనిషికి ఇంకో గంట కలుపుకున్నాను. మధ్యాహ్నం రెండయ్యేసరికి ఎక్కడున్నా వెనక్కి తిరగాలని ఓడలోనే అనుకున్నాం. ఆ టైము ముందే అనుకోకపోతే శిఖరం దగ్గరపడేకొద్దీ మనసు మాట వినదు.

మబ్బులోకి ఎప్పుడు వెళ్లామో సరిగ్గా చెప్పలేను. బ్రాడిక్ తీరం కనపడటం మానేసింది, తర్వాత ముందున్న రాళ్లు కూడా పది పదిహేను అడుగుల దూరానికే పరిమితమయ్యాయి. మ్యాల్ బ్రెక్ అనే చోట దారి తూర్పు గట్టు ఎక్కుతుంది. కోరీ ఊరి నుంచి వచ్చే దారి కూడా అక్కడే కలుస్తుంది. అప్పటిదాకా కొండ చాటున ఉన్న గాలి అక్కడ ఎడమ వైపు నుంచి ఒక్కసారి కొట్టింది. ఒక బండ పక్కన కూర్చోబెట్టి, ఇద్దరం మారు ఫ్లీసులు వేసుకుని టీ తాగాం. చలి వేశాక వేసుకుంటే ఆలస్యమైనట్టే.

అక్కడ నేను ఎప్పుడూ చేసే పరీక్ష ఒకటుంది. బొటనవేలిని అదే చేతి చిటికెన వేలికి ఆనించమంటాను. ఆనించలేకపోతే చేతులు పనికిరానంత చల్లబడ్డట్టు. మాట్లాడిస్తూ కూడా ఉంటాను. ఒళ్లు చల్లబడుతున్న మనిషికి ముందు వణుకు వస్తుంది, తర్వాత మాట ముద్దగా వస్తుంది, అడుగు తడబడుతుంది, చిరాకు పడతారు, లేదా ఏమీ పట్టనట్టుంటారు. తడి బట్టల్లోనే ఉండి వణుకు ఆగిపోతే అది కోలుకుంటున్న గుర్తు కాదు, పెద్ద ప్రమాదం. వార్డులో ఇలాంటివి చూసిన కళ్లతో చెప్తున్నాను, దీనికి సున్నా డిగ్రీల చలి అక్కర్లేదు. పది డిగ్రీలు, తడి బట్ట, గాలి చాలు. ఆ అమ్మాయి వేళ్లు సునాయాసంగా ఆనించింది. చిక్కీ ఇంకో ముక్క అడిగింది. అయితే పైకి వెళ్లొచ్చు అనుకున్నాను.

మిగిలిన దూరమంతా బండరాళ్లే. ఇది ఆరు కోట్ల ఏళ్ల కిందట కరిగిన రాయి బయటికి రాకుండా భూమిలోపలే చల్లబడి గట్టిపడ్డ గ్రానైట్. రవ్వ పెద్దది, గరుకుగా ఉంటుంది, తడిసినా బూటుని పట్టుకుంటుంది. నాచు, పాచి ఉన్న చోట మాత్రం జారుతుంది. నల్లగా నిగనిగలాడే చోట కాలు పెట్టకు, బూడిదరంగులో గరుకుగా ఉన్న చోట పెట్టు అని చెప్తూ ఎక్కాం. ఒంటిగంట దాటిన కాసేపటికి శిఖరం మీది సర్వే స్తంభం మబ్బులోంచి ఊడిపడ్డట్టు ఎదురొచ్చింది. ఆ అమ్మాయి దాన్ని రెండు చేతులా పట్టుకుని గట్టిగా అరిచింది. గాలికి ఆ అరుపు నాక్కూడా సగమే వినపడింది.

ఏమీ కనపడలేదు. నిర్మలంగా ఉన్న రోజు అక్కడి నుంచి మంచు మీద రాళ్లు జార్చి ఆడే కర్లింగ్ ఆటకి రాళ్లిచ్చే ఐల్సా క్రెయిగ్ దీవి కనపడుతుంది, చుట్టూ మిగతా శిఖరాలు రంపం పళ్లలా నిలబడి ఉంటాయి. అవి ఎటున్నాయో చేత్తో చూపించాను. ఇంకోటి కూడా చెప్పాను. 1941 ఆగస్టు 10న ఒక లిబరేటర్ విమానం ఇదే వరసలో ఉత్తరాన ఉన్న ముల్లఖ్ బుయీ కొండకి ఢీకొని, అందులోని 22 మందీ చనిపోయారు. యుద్ధం కోసం విమానాలు సముద్రం దాటించి, కెనడాకి తిరిగి వెళ్తున్నవాళ్లు వాళ్లలో ఉన్నారు. వాళ్లలో చాలామంది సమాధులు లామ్లాష్ ఊరి దగ్గర కిల్‌బ్రైడ్ శ్మశానంలో ఉన్నాయి. ఆ మబ్బులో నిలబడి ఆ మాట చెప్పుకుంటే ఇద్దరికీ కాసేపు నోట మాట రాలేదు.

శిఖరం మీద ఎక్కువసేపు ఆగలేదు. ఇక్కడి నుంచి గట్లు వేరువేరు దిక్కులకి దిగుతాయి. పడమటి వైపు గ్లెన్ రోజా లోయలోకి నిటారు పల్లం. మబ్బులో అన్నీ ఒకేలా కనపడతాయి. వచ్చిన దారే కదా అని నమ్మకంగా కదలకుండా, మ్యాపు మీద దిక్సూచి పెట్టి తూర్పు గట్టు దిక్కు పట్టుకుని, అడుగులు పడి అరిగిన దారి కనిపించేదాకా దాన్నే అనుసరించాం.

మళ్లీ మ్యాల్ బ్రెక్ చేరేసరికి సూచనలో చెప్పినట్టే జోరు వాన అందుకుంది. అక్కడ ఆ అమ్మాయి ఒక మంచి ప్రశ్న వేసింది. "అక్కా, కోరీ వైపు దిగుదమా? ఇటు గాలి తక్కువుంది, దారి గూడ చిన్నదే ఉన్నది కదా మ్యాపుల." నిజమే. నైరుతి గాలికి ఆ వైపు చాటు, కోరీ నుంచి బ్రాడిక్‌కి బస్సు ఉంటుంది. కానీ ఆ దారి కోరీ వాగుని దాటుతుంది. మామూలు రోజు రాళ్ల మీద అడుగులేసి దాటేస్తాం. ఇక్కడి కొండల మీద మట్టి పల్చన, కింద గ్రానైట్. పడిన నీరు ఇంకే చోటు లేక నేరుగా వాగులోకి పోతుంది. గంటలో వాగు రూపమే మారిపోతుంది. మోకాలి లోతు నీళ్లు జోరుగా పారుతుంటే మనిషిని పడేయడానికి అవి చాలు. పైగా అక్కడిదాకా దిగి దాటలేకపోతే మళ్లీ ఇంత ఎత్తూ ఎక్కి రావాలి, అలసిపోయిన కాళ్లతో, తడిసిన ఒళ్లతో. క్లాడఖ్ దారిలో గాలి తగులుతుంది, కానీ వాగు మీద వంతెన ఉంది. మ్యాపు మీద నీలం గీతలు వేలితో చూపించి ఇదంతా చెప్పాను. "వాన రోజు ముందు ఈ గీతలు చూడు, తర్వాతే దారి చూడు" అన్నాను. వెంటనే అర్థం చేసుకుంది.

దిగడమే ఎక్కువ కష్టం. దారి దారిలా లేదు, చిన్న వాగైపోయింది. రాతి మెట్ల మీద నురగ దూకుతోంది. చిన్న అడుగులు, మోకాళ్లు కొంచెం వంచి, పక్కకి తిరిగి. గంటకోసారి గ్లవ్స్ పిండుకుని, పొడివి ఒక జత మార్చుకున్నాం. పొడి గ్లవ్స్ వేసుకున్న ఆ క్షణం ఎంత సుఖమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. మబ్బు కిందకి వచ్చాక పల్లంలో బ్రాడిక్ తీరం, బూడిదరంగు సముద్రం, కొండ ముఖమంతా పొద్దున లేని తెల్లటి ధారలు. ఆ అమ్మాయి ఆగి, తల మీంచి హుడ్ తీసేసి, ఆ వానలోనే చూస్తూ నిలబడింది. నేను తొందరపెట్టలేదు. ఎండ రోజు వచ్చినవాళ్లకి శిఖరం నుంచి దూరదూరాలు కనపడతాయి. ఈ ధారలు మాత్రం ఇలా వచ్చినవాళ్లకే.

బ్రాడిక్‌లో వేడి వేడి సూప్ తాగి, ఓడ ఎక్కేముందే పొడి బట్టలు మార్చుకున్నాం. ఇంటికొచ్చాక బూట్లలో వార్తాపత్రికలు కుక్కి, అవి తడిసినప్పుడల్లా మారుస్తూ నీడలో ఆరబెట్టాలి. హీటర్ పక్కన పెడితే తోలు పగిలిపోతుంది, జిగురు ఊడుతుంది. జాకెట్ మీద నీళ్లు ముత్యాల్లా జారకుండా పరుచుకుంటున్నాయంటే దాన్ని సబ్బు పొడితో కాకుండా అందుకోసమే దొరికే ద్రావణంతో ఉతికి, నీటిని తోసేసే పూత మళ్లీ వేయాలి. టిక్కులు, అంటే ఒంటికి కరుచుకునే చిన్న పురుగులు, మోకాళ్ల వెనక, నడుం చుట్టూ పట్టాయేమో ఆ రాత్రే చూసుకోవాలి. వాటివల్ల లైమ్ జబ్బు రావొచ్చు. ఇద్దరికీ ఏమీ లేవు.

మరుసటి వారం ఆ అమ్మాయి చారిటీ షాపుల్లో తిరిగి సొంతంగా వాటర్‌ప్రూఫ్ ప్యాంటు కొనుక్కుని ఫోటో పంపింది. అక్టోబరులో గ్లెన్ రోజా లోయకి వెళ్దామని అనుకున్నాం. అది కొండ చాటున ఉండే లోయ దారి, గాలి ఎక్కువున్న రోజుకి బాగుంటుంది. గార్బ్ ఆల్ట్ వాగు మీద వంతెన ఉంది, అక్కడిదాకా వాన ఎంత పడినా వెళ్లిరావచ్చు. మగ దుప్పులు లోయంతా మారుమోగేలా అరిచే కాలం కూడా అదే. ఈసారి సూచన చదివి వెళ్లాలో వద్దో తేల్చే పని ఆమెకే అప్పజెప్పాను.